పాస్ శాతం వెనకున్న పిల్లలు: బెంగళూరు ప్రభుత్వ బడులను ఎలా పోల్చాలి

ఏటా ఎస్సెస్సెల్సీ (కర్ణాటక పదో తరగతి బోర్డు పరీక్ష) ఫలితాలు రాగానే బెంగళూరులో పేటపేటకూ ఒక జాబితా తిరుగుతుంది. ఫలానా ప్రభుత్వ హైస్కూలుకు 92 శాతం, పక్క వార్డులోని బడికి 61 శాతం అని. అపార్టుమెంటు సంఘాలు ఏ బడికి కంప్యూటర్లు ఇవ్వాలో, కంపెనీల సీఎస్సార్ విభాగాలు ఏ బడిని దత్తత తీసుకోవాలో, తల్లిదండ్రులు పిల్లల్ని ఎక్కడ చేర్పించాలో ఆ జాబితా చూసే తేల్చుకుంటారు. 61 శాతం వచ్చిన హెడ్మాస్టరును సంజాయిషీ అడుగుతారు. ఆ రెండు అంకెల మధ్య తేడాలో టీచర్ల పనితనం వాటా ఎంత, ఆ బడుల్లో చేరిన పిల్లలు వేరు కావడం వల్ల వచ్చింది ఎంత అని విడదీసి చూసేవాళ్లు తక్కువ. విడదీయడం పెద్ద కష్టం కూడా కాదు, కావలసిన వివరాల్లో చాలా భాగం బడి రిజిస్టర్లలోనే ఉంటుంది. విడదీయకపోతే నష్టపోయేది వలస కూలీల పిల్లల్ని, అందులోనూ పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగు పిల్లల్ని, ఏడాది మధ్యలో వచ్చినా కాదనకుండా చేర్చుకునే బడులు.

ముందు హారం చూడాలి

పాస్ శాతమంటే ఒక భాగహారం. అందరి కళ్లూ పైనున్న లవం మీద ఉంటాయి, మోసం జరిగేది కింద ఉన్న హారం దగ్గర. 2025 ఎస్సెస్సెల్సీ మొదటి పరీక్షనే చూడండి. రాష్ట్ర ఫలితం 66.14 శాతమని కొందరు రాశారు, 62.34 శాతమని మరికొందరు రాశారు. రెండూ నిజమే. మొదటిసారి రాసిన రెగ్యులర్ విద్యార్థులు 7,90,890 మందిలో 5,23,075 మంది పాసయ్యారు, అది 66.14. మళ్లీ రాసినవాళ్లను, ప్రైవేటుగా కట్టినవాళ్లను కలిపితే 8,42,173 మందికి 5,24,984 మంది, అది 62.34. రాష్ట్రం మొత్తానికే హారం మార్చితే దాదాపు 4 పాయింట్లు కదిలాయంటే, ముప్ఫై మంది పిల్లలున్న బడిలో ఎంత కదులుతుందో ఊహించుకోవచ్చు. పైగా 2024, 2025లో ఏటా మూడు పరీక్షలు పెట్టారు. ఒక బడి మొదటి పరీక్ష అంకె చెప్పి, ఇంకో బడి మూడూ కలిపిన అంకె చెబితే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడానికే లేదు.

ఇక బడి స్థాయిలో జరిగేది ఇది. ఎనిమిదో తరగతిలో 60 మంది ఉన్నారనుకుందాం. పదికి వచ్చేసరికి 42 మంది పరీక్ష రాశారు, 38 మంది పాసయ్యారు. బోర్డు మీద 90 శాతం అని రాస్తారు. ఎనిమిదిలో చేరిన 60 మందిని హారంగా తీసుకుంటే అది 63 శాతం. మిగతా 18 మంది ఎటు పోయారు? కొందరు టీసీ తీసుకుని సొంతూరికి వెళ్లి ఉంటారు, కొందరు వేరే బడికి మారి ఉంటారు, కొందరు చదువే మానేసి ఉంటారు. ఈ మూడూ వేర్వేరు సంగతులు. బెంగళూరులో చిక్కేమిటంటే వెళ్లినవాళ్లతో పాటు మధ్యలో వచ్చినవాళ్లూ ఉంటారు. 18 మంది వెళ్లి 12 మంది వస్తే, సంఖ్య ఆరే తగ్గినట్టు కనిపిస్తుంది, నిజానికి తరగతిలో దాదాపు మూడో వంతు మనుషులు మారిపోయారు. అందుకని రాక ఎంత, పోక ఎంత అని విడివిడిగా లెక్కించాలి. నికర సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

హారం చిన్నదైతే ఇంకో ప్రమాదం. పదో తరగతిలో 28 మంది ఉన్న బడిలో ఒక్క పిల్లవాడు తప్పితే శాతం మూడున్నర పడిపోతుంది. 21 మంది పాసైన బడికి 75, 23 మంది పాసైన బడికి 82. ఆ ఏడు పాయింట్ల తేడా అంటే ఇద్దరు పిల్లలు, అంతే. ఒకరికి పరీక్ష రోజు జ్వరం రావచ్చు, ఇంకొకరి తండ్రికి పని ఊడి ఇల్లు మారి ఉండవచ్చు. గణాంకాల లెక్క ప్రకారం 28 మందికి వచ్చిన 75 శాతం అటూ ఇటూ 16 పాయింట్లు ఊగే అంకె. కనీసం మూడేళ్ల పిల్లల్ని కలిపి చూస్తే ఆ ఊపు 9 పాయింట్లకు తగ్గుతుంది. అప్పుడు కూడా ఐదారు పాయింట్ల తేడాతో రెండు బడులకు ర్యాంకులు ఇవ్వడం సరికాదు.

ఏడాదికీ ఏడాదికీ పోలిక

కర్ణాటకలో గత కొన్నేళ్ల పాస్ శాతాలు వరసగా పెట్టి గీత గీస్తే అర్థం లేని బొమ్మ వస్తుంది. 2020లో 71.80. 2021లో కోవిడ్ వల్ల రెండు రోజుల్లో గుర్తు పెట్టే ప్రశ్నలతో పరీక్ష ముగించి దాదాపు అందరినీ పాస్ చేశారు, ఆ ఏడాదిని లెక్కలోంచి తీసేయాల్సిందే. 2022లో 85.63, 2023లో 83.89. 2024లో పరీక్ష హాళ్లలో వెబ్‌కాస్టింగ్ (కెమెరాలతో నేరుగా గమనించడం) పెట్టారు, చూచిరాతలు తగ్గాయి. ఫలితం మరీ పడిపోతుందని గ్రేసు మార్కులను 10 శాతం నుంచి 20 శాతానికి పెంచారు. అయినా వచ్చింది 73.40. 2025లో ఆ అదనపు వెసులుబాటు లేదు, అందరినీ కలిపిన లెక్కలో 62.34కు దిగింది. 2025-26 నుంచి పాస్ గీతే మారింది: మొత్తం 625 మార్కులకు ఇదివరకు 219 రావాల్సి ఉంటే, ఇప్పుడు 33 శాతం, అంటే 206 వస్తే చాలు, ఒక్కో సబ్జెక్టులో కనీసం 30 శాతం ఉండాలి.

కాబట్టి ఒక బడి "మూడేళ్లలో 80 నుంచి 70కి పడిపోయింది" అన్న మాటకు విలువ లేదు. ప్రతి ఏడాదీ ఆ బడి అంకెలోంచి ఆ ఏటి రాష్ట్ర సగటును, వీలైతే బ్లాకు సగటును, తీసేసి మిగిలిన తేడాను చూడాలి. ఒక ఊహా బడిని తీసుకుందాం. 2023లో 80, రాష్ట్రం కంటే 3.9 తక్కువ. 2024లో 74, రాష్ట్రం కంటే 0.6 ఎక్కువ. 2025లో 70, రాష్ట్రం కంటే 7.7 ఎక్కువ. అంకె పది పాయింట్లు దిగింది, బడి స్థానం మాత్రం పదకొండున్నర పాయింట్ల దాకా మెరుగుపడింది. వెబ్‌కాస్టింగ్ వచ్చిన ఏడాది కూడా పెద్దగా పడిపోని బడుల్లో అంతకుముందు ఫలితం నిజాయితీగా వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద జాబితాల్లో పట్టించుకోని ఆధారం ఇది.

జిల్లా సగటుతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. కర్ణాటకలో రెవెన్యూ జిల్లాలు 31, విద్యా జిల్లాలు 35. బెంగళూరు నగర జిల్లా ఫలితాల్లో ఉత్తరం, దక్షిణం అని రెండుగా కనిపిస్తుంది. ఏ బడి ఏ బీఈవో (బ్లాకు విద్యాధికారి) కిందికి వస్తుందో చూసుకోకుండా పిన్‌కోడ్‌ను బట్టి పోల్చితే పక్క జిల్లా సగటు తగులుకుంటుంది.

ఏ బడితో ఏ బడి

ప్రభుత్వ బడులన్నీ ఒక్క తీరు కావు. ఆదర్శ విద్యాలయ, మొరార్జీ దేశాయి వసతి పాఠశాల వంటివి ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకుంటాయి. కేంద్రీయ విద్యాలయంలో బదిలీల మీద తిరిగే కేంద్ర ఉద్యోగుల పిల్లలకు ముందు చోటు, బోర్డు కూడా వేరు. వీటిని మామూలు బస్తీ బడితో పోల్చకూడదు, ఇక్కడితో ఆ సంగతి వదిలేయవచ్చు.

అంతకంటే కంటికి కనిపించని తేడా ఒకటుంది. ఒకటి నుంచి పది దాకా, లేదా పన్నెండు దాకా ఒకే ప్రాంగణంలో నడిచే కర్ణాటక పబ్లిక్ స్కూలు వంటి బడికి పిల్లవాడిని పదేళ్లు దిద్దుకునే వీలుంటుంది. ఎనిమిది నుంచి పది వరకు మాత్రమే ఉన్న హైస్కూలుకు దక్కేది మూడేళ్లు. అక్కడికి నాలుగైదు ప్రాథమికోన్నత పాఠశాలల నుంచి పిల్లలు వస్తారు. ఫీజు కట్టలేక చిన్న ప్రైవేటు బడులు వదిలినవాళ్లూ వస్తారు. ఆ హైస్కూలు ఫలితంలో చాలా కథ కింది బడుల్లో ఎప్పుడో రాసిపెట్టి ఉంటుంది. ఇలాంటి బడిని పోల్చాలంటే ఎనిమిదో తరగతి మొదటి నెలలో పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో తెలియాలి. టీచర్లు జూన్‌లో బ్రిడ్జి కోర్సు పెట్టినప్పుడు రాయించే ముందస్తు పరీక్ష కాగితాలు అందుకు పనికొస్తాయి, పారేయకుండా ఉంచితే.

లోపలికొచ్చింది ఎవరు

2011 జనగణనలో బెంగళూరులో తెలుగును మాతృభాషగా రాయించుకున్నవాళ్లు సుమారు 14 శాతం. ఆ అంకె ఎన్ని విశ్లేషణల్లో కనిపించినా ఒక బడిని అర్థం చేసుకోవడానికి అది దాదాపు పనికిరాదు. కె.ఆర్.పురం, యలహంక, ఆనేకల్ వైపు తరాలుగా ఉన్న తెలుగు ఇళ్లలో పిల్లలు వీధిలో కన్నడం మాట్లాడుతూనే పెరుగుతారు, ఒకటో తరగతి నుంచి కన్నడ మాధ్యమంలోనే చదువుతారు. వాళ్లకు భాష అడ్డే కాదు. అదే తరగతిలో పక్కనే కూర్చున్న ఇంకో తెలుగు పిల్లవాడు అనంతపురం, కర్నూలు, నారాయణపేట వైపు నుంచి తల్లిదండ్రుల వెంట నిన్నగాక మొన్న వచ్చి సైటు షెడ్డులో ఉంటున్నాడు. రిజిస్టరులో ఇద్దరి మాతృభాషా తెలుగే. చదువు విషయంలో ఇద్దరిదీ వేరే లోకం. కొలవాల్సింది మాతృభాషను కాదు, కన్నడ మాధ్యమంలో ఎన్నేళ్లు కూర్చున్నాడన్నదాన్ని, ఎన్ని బడులు మారాడన్నదాన్ని.

ఇది ఎందుకంత ముఖ్యమో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. కర్ణాటకలో ప్రభుత్వ బడుల్లో మొదటి మూడు తరగతులకు నలి-కలి పద్ధతి ఉంది. మెట్లుగా పేర్చిన కార్డులు, ఆటలు, పాటలతో అక్షరాలు, గుణింతాలు నేర్పుతారు. కన్నడం చదవడం, రాయడం నేర్పే పని ముఖ్యంగా జరిగేది ఆ మూడేళ్లలోనే. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చాలి. మంచి నియమమే. కానీ తొమ్మిదేళ్ల పిల్లవాడు సీదాగా నాలుగులో కూర్చుంటే, అక్షరాలు నేర్పే మెట్లన్నీ అప్పటికే దాటిపోయి ఉంటాయి. అదే సెక్షను అలాంటి పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా చెబుతుంది. అది సరిగా అందిన చోట తెలుగు పిల్లలు త్వరగానే అందుకుంటారు, రెండు లిపులూ అక్కచెల్లెళ్లు కాబట్టి. ఒత్తులు, గుణింతాల కట్టడి ఒకటే, తలకట్టు తేడాలు కొన్ని వారాల్లో పట్టుబడతాయి. బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చిన పిల్లలకు ఆ సౌలభ్యం లేదు. శిక్షణ అందని చోట మాత్రం లిపి దగ్గరగా ఉండటమే చిక్కు తెస్తుంది. పిల్లవాడు బోర్డు మీదిది చూసి తప్పు లేకుండా ఎక్కించుకుంటాడు, పైకి గట్టిగా చదువుతాడు కూడా, అర్థం మాత్రం కాదు. ఏడో తరగతి సైన్సు పాఠం దగ్గరే అది బయటపడుతుంది.

చివరికి ఇది మార్కుల్లో ఎలా తేలుతుందో చూడండి. ఎస్సెస్సెల్సీలో ప్రథమ భాషకు 125 మార్కులు, మిగతా ఐదు సబ్జెక్టులకు తలా 100. కన్నడ మాధ్యమంలో సాధారణంగా కన్నడమే ప్రథమ భాష. మొత్తంలో ఐదో వంతు ఆ ఒక్క పేపరుది. గణితం, సైన్సు, సాంఘికం ప్రశ్నలు కూడా అదే భాషలో వస్తాయి.

ఇంకో సంగతి, తేదీలది. దేశంలోని బడులన్నిటి వివరాలు చేర్చే, కేంద్రం నడిపే యూడైస్ ప్లస్ లెక్కకు సెప్టెంబరు 30 ప్రామాణిక తేదీ. రాయలసీమ, పాలమూరు వైపు నుంచి కుటుంబాలు ఎక్కువగా కదిలేది ఖరీఫ్ కోతలు అయ్యాక. నవంబరులోనో సంక్రాంతి తర్వాతో వచ్చి చేరిన పిల్లవాడు ఆ ఏటి లెక్కలో ఇక్కడ ఉండడు. కాగితం మీద తరగతికి 32 మంది, జనవరిలో బెంచీల మీద 41 మంది. ప్రాథమిక తరగతుల్లో ఒక టీచరుకు 30 మంది అన్న చట్టపు నిష్పత్తి కాగితం మీద దాదాపు సరిపోతుంది, గదిలో సరిపోదు. దీన్ని పట్టుకోవడానికి సులువైన దారి అక్షర దాసోహ రిజిస్టరు. మధ్యాహ్న భోజనం కర్ణాటకలో పదో తరగతి వరకు ఉంది, ఏ రోజు ఎంతమంది తిన్నారో రాస్తారు. అందరూ తినకపోవచ్చు, అయినా ఒకే బడిలో సెప్టెంబరు, జనవరి, మార్చి సగటులు పక్కన పెడితే పిల్లల రాకపోకలు స్పష్టంగా కనిపిస్తాయి.

పత్రాల్లో దొరికేదీ దొరకనిదీ

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, కర్ణాటకలో అది 29తో మొదలవుతుంది. ఆ కోడ్‌తో బడి రిపోర్టు కార్డు ఎవరైనా తీసుకోవచ్చు. తరగతివారీగా బాలబాలికలు, సామాజిక వర్గాలు, మాధ్యమం, రెగ్యులర్ టీచర్లు, కాంట్రాక్టు టీచర్లు, గదులు, మరుగుదొడ్లు అందులో ఉంటాయి. ఇంటి భాష, తల్లి చదువు, ఎప్పుడు చేరాడన్నది ఉండవు. 2022-23 నుంచి ఒక్కో విద్యార్థి పేరున వివరాలు ఎక్కించడం మొదలైంది, అంతకుముందు బడి మొత్తానికి ఒక అంకె ఇచ్చేవాళ్లు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న అంకెలను కలిపి "పిల్లలు తగ్గిపోయారు" అనేస్తే తప్పు. రెండు చోట్ల ఉన్న పేర్లు పోవడం వల్ల కూడా సంఖ్య తగ్గి ఉండవచ్చు.

సామాజిక వర్గాల గడి దగ్గర వలస పిల్లల విషయంలో ప్రత్యేకంగా ఆగాలి. ఎస్సీ, ఎస్టీ హోదా రాష్ట్రం దాటితే వెంట రాదని సుప్రీంకోర్టు 1990లోనే మర్రి చంద్రశేఖర్‌రావు కేసులో చెప్పింది. ఆంధ్రలో తీసుకున్న కుల ధ్రువీకరణతో ఇక్కడ రిజర్వేషను రాదు. రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్ అడిగే ఆర్డీ నంబరు ఇక్కడి నాడకచేరిలో (స్థానిక రెవెన్యూ కార్యాలయంలో) ఇచ్చిన కుల, ఆదాయ పత్రాలకే ఉంటుంది. ఆ పత్రం లేని పిల్లవాడిని ఏ గడిలో వేశారన్నది బడిని బట్టి మారుతుంది. బీసీల విషయంలో అయోమయం ఇంకా ఎక్కువ, ఆంధ్రలో ఏ, బీ, సీ, డీ, ఈ వర్గాలైతే ఇక్కడ కేటగిరీ 1, 2ఏ, 2బీ, 3ఏ, 3బీ. కాబట్టి "ఈ బడిలో ఎస్సీ పిల్లలు 18 శాతమే, అంటే పేదరికం తక్కువ" అని ఈ గడిని చూసి అనుకోవడం పెద్ద పొరపాటు.

చుట్టుపక్కల జనాభాతో బడిని పోల్చడం ఇంకా ప్రమాదం. 2011 జనగణన అప్పటి 198 వార్డుల వారీగా ఉంది. తర్వాత వార్డులు 243 అన్నారు, 225 అన్నారు, 2025లో నగరాన్నే ఐదు కార్పొరేషన్లుగా విడగొట్టి మళ్లీ గీతలు గీశారు. పేరు అదే ఉన్నా వార్డు అదే కాదు. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, అప్పటిదాకా వార్డు జనాభా శాతాలతో బడి పిల్లల గురించి ఏదీ తేల్చకపోవడమే మంచిది. పైగా వార్డులోని కలిగినవాళ్ల పిల్లలు ఆ బడికి రానే రారు. వైట్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ బడిలో ఉండేది వైట్‌ఫీల్డ్ సగటు మనిషి పిల్లలు కాదు, ఆ భవనాలు కట్టేవాళ్ల, వాటికి కాపలా ఉండేవాళ్ల పిల్లలు.

జాతీయ సర్వేలు కూడా ఇక్కడ అక్కరకు రావు. పిల్లల చదువు స్థాయిని కొలిచే 2021 నాస్, 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ సర్వే కొన్ని బడులను నమూనాగా తీసుకుని జిల్లా స్థాయి చెబుతాయి, ఫలానా బడి సంగతి చెప్పవు. ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు పరీక్షించే అసర్ గ్రామీణ సర్వే, నగరం అందులో లేదు.

రెండు గుంపులుగా విడదీస్తే

అన్నిటికంటే ఎక్కువ చెప్పే పని ఒక్కటే. పదో తరగతి పిల్లల జాబితాను అడ్మిషన్ రిజిస్టరు పక్కన పెట్టి ఒక్కొక్కరినీ సరిచూడటం. రిజిస్టరులో చేరిన తేదీ, ఇంతకుముందు చదివిన బడి, మాతృభాష ఉంటాయి. మాతృభాష గడిని నమ్మవద్దు, మాధ్యమం చూసి కన్నడం అని రాసేసి ఉండవచ్చు. ముందు చదివిన బడి గడి మాత్రం బంగారం. దాన్ని బట్టి పిల్లల్ని రెండు గుంపులు చేయాలి: ఐదో తరగతికి ముందు నుంచీ కన్నడ మాధ్యమంలో ఉన్నవాళ్లు, ఆ తర్వాత వేరే రాష్ట్రం నుంచో వేరే మాధ్యమం నుంచో వచ్చినవాళ్లు. గీత ఐదు దగ్గర గీయాలా, ఏడు దగ్గర గీయాలా అన్నది పెద్ద విషయం కాదు. అన్ని బడులకూ ఒకే చోట గీయడం ముఖ్యం.

ఇప్పుడు ఒక లెక్క. రెండు బడులు, రెండింట్లోనూ మూడేళ్లకు కలిపి నూరుమంది అనుకుందాం. మొదటి బడిలో పాతవాళ్లు 80 మంది, వాళ్లలో 68 మంది పాస్, 85 శాతం. కొత్తవాళ్లు 20 మంది, 11 మంది పాస్, 55 శాతం. మొత్తం 79. రెండో బడిలో పాతవాళ్లు 40 మంది, 36 మంది పాస్, 90 శాతం. కొత్తవాళ్లు 60 మంది, 36 మంది పాస్, 60 శాతం. మొత్తం 72. జాబితాలో మొదటి బడిది పైచేయి. పాత పిల్లలకు చదువు చెప్పడంలోనూ, కొత్త పిల్లలకు చెప్పడంలోనూ మెరుగైనది మాత్రం రెండోది. అది వెనకబడినట్టు కనిపించడానికి ఒకే ఒక్క కారణం, వచ్చినవాళ్లను వచ్చినట్టు చేర్చుకోవడం.

ఇది ఊహా లెక్కే అయినా దీని వెనక ఒత్తిడి నిజమైనది. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల దాకా, ఎనిమిదో తరగతి వరకే. అక్కడిదాకా టీసీ లేదని చేర్చుకోకపోవడం చట్టవిరుద్ధం. తొమ్మిదికి వచ్చేసరికి ఆ రక్షణ లేదు. పాస్ శాతం తగ్గితే సంజాయిషీ చెప్పుకోవాల్సిన హెడ్మాస్టరు, తొమ్మిదిలోనో పదిలోనో చేరతానని వచ్చిన పిల్లవాడిని చూసి "సీట్లు లేవు, ఆ పక్క బడిలో అడగండి" అంటే అడిగే దిక్కు లేదు. ఆ పక్క బడే జాబితాలో అడుగున ఉంటుంది. ర్యాంకుల జాబితా ఎంత గట్టిగా నడిస్తే తలుపులు మూసే బడికి అంత లాభం, తీసే బడికి అంత నష్టం. జాబితాలు తయారుచేసే సంస్థలు, వాటిని చూసి డబ్బులిచ్చే కంపెనీలు ఇంకేమీ చేయకపోయినా, పాస్ శాతం పక్కన "ఎనిమిది తర్వాత చేరినవాళ్లు ఇంతమంది" అన్న ఒక్క గడి చేర్చాలి. ఇది తప్పకుండా జరగాల్సిన పని.

పిల్లల కూర్పు కాలంతో కూడా మారుతుంది. విద్యాహక్కు కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లకు వెళ్లే దారిని 2019లో కర్ణాటక బాగా ఇరుకు చేసింది, దగ్గర్లో ప్రభుత్వ బడి ఉంటే ప్రైవేటు సీటు లేదన్నది. అంతకుముందు అటు వెళ్లగలిగిన, చదువు మీద పట్టున్న ఇళ్ల పిల్లల్లో కొందరు తిరిగి ప్రభుత్వ బడి వైపు వచ్చి ఉంటారు. అదే 2019-20లో వెయ్యి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం సెక్షన్లు మొదలయ్యాయి. ఆ ఏడు ఒకటిలో చేరిన పిల్లలు పదికి వచ్చేది 2028-29లో. ఆ ఏడాది కొన్ని బడుల ఫలితం ఎగబాకితే, టీచర్ల పనితనమని మెచ్చుకునే ముందు ఈ రెండు మార్పులూ గుర్తుంచుకోవాలి. ఆ మరుసటి ఏడు ఒకటిలో చేరినవాళ్లది వేరే కథ: కోవిడ్ వల్ల వాళ్లకు బడి తలుపులు 2021 అక్టోబరు 25న గానీ తెరుచుకోలేదు. వాళ్ల పదో తరగతి 2029-30.

పాస్ కాక ఇంకేం చూడాలి

పాస్ గీత ఒక్కటే చూస్తే 207 వచ్చిన పిల్లవాడు, 600 వచ్చిన పిల్లవాడు ఒకటే. బడి నుంచి గ్రేడులవారీ సంఖ్యలు అడగాలి. 500కు పైన ఎంతమంది, 313 లోపు ఎంతమంది అన్న రెండు అంకెలు చాలు. మధ్యలో ఉన్నవాళ్లందరినీ గీత దాటించడం మీదే దృష్టి పెట్టిన బడి ఏదో, పైవాళ్లనూ కిందవాళ్లనూ కూడా చూసుకునే బడి ఏదో అప్పుడు తెలుస్తుంది. ఇందులో బడే వేసుకునే అంతర్గత మార్కులు ప్రథమ భాషకు 25, మిగతావాటికి 20 చొప్పున కలిసి ఉంటాయి. వీలైతే రాత పరీక్ష మార్కులు విడిగా అడగడం మేలు.

సబ్జెక్టువారీ ఫలితాన్ని టీచర్ల ఖాళీలతో కలిపి చదవాలి. తప్పినవాళ్లలో ఎక్కువమంది గణితం ఒక్కదాంట్లో తప్పారంటే, ముందు చూడాల్సింది ఆ మూడేళ్లలో గణితం టీచరు ఉన్నారా, గెస్టు టీచరుతో నెట్టుకొచ్చారా, గెస్టు టీచరు ఏ నెలలో వచ్చారన్నది. బడి మొత్తానికి టీచరుకు ఇంతమంది అనే సగటు దీన్ని దాచేస్తుంది. ఇద్దరు భాషా టీచర్లు ఎక్కువై, గణితం టీచరు లేకపోయినా సగటు అందంగానే ఉంటుంది.

చిన్న తరగతులకు చేతిలో పట్టుకెళ్లే పరికరం ఒకటుంది, అసర్ వాడే చదువు పరీక్ష. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెల గుర్తింపు, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఒక్కో పిల్లవాడికి కొన్ని నిమిషాలు పడుతుంది. దీన్ని జూన్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, అవే మెట్లతో చేయాలి. కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలకు జూన్‌లో తెలుగులోనూ కన్నడంలోనూ రెండింట్లో పెట్టాలి. తెలుగులో కథ చదివి కన్నడంలో అక్షరాల దగ్గర ఆగిన పిల్లవాడికి చదవడం వచ్చు, భాషే కొత్త. రెండింట్లోనూ అక్షరాల దగ్గరే ఆగినవాడికి మొదటి నుంచీ నేర్పాలి. ఒక్క కన్నడంలోనే పరీక్షిస్తే ఈ ఇద్దరూ ఒకే గాటన పడతారు, ఇద్దరికీ తప్పు మందే వేస్తారు. బడి పనితనానికి సరైన కొలత జూన్ నుంచి ఫిబ్రవరికి ఎన్ని మెట్లు ఎక్కించిందన్నదే. రెండుసార్లూ ఉన్న పిల్లలనే ఆ లెక్కలో పెట్టాలి.

వివరాలు అడిగే తీరు

హెడ్మాస్టరును, ఎస్డీఎంసీ (బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ) అధ్యక్షుణ్ణి నేరుగా అడిగితే చాలాచోట్ల ఇస్తారు, ముఖ్యంగా బడికి మంచి జరుగుతుందని నమ్మకం కుదిరితే. కుదరకపోతే బీఈవో ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కర్ణాటక నియమాల్లో ఒక మెలిక ఉంది: ఒక దరఖాస్తు ఒకే విషయం మీద, 150 మాటలు మించకుండా ఉండాలి. ఫలితాలు, టీచర్ల ఖాళీలు, అడ్మిషన్లు అన్నీ ఒకే కాగితంలో అడిగితే తిప్పి పంపవచ్చు. మూడు కాగితాలుగా పెట్టాలి. "మూడేళ్ల ఫలితాలు" అని పొడిగా రాయకుండా, "ఏటా ఎనిమిదిలో చేరినవారు, పదిలో నమోదైనవారు, మొదటి పరీక్ష రాసినవారు, పాసైనవారు, వేర్వేరుగా సంఖ్యలు" అని రాస్తే హారాల గొడవ అక్కడే తేలిపోతుంది. పిల్లల పేర్లు అడగవద్దు, అవసరమూ లేదు. ఐదుగురి కంటే తక్కువ ఉన్న గుంపు అంకెను బయట పెట్టకూడదు. చిన్న బడిలో "ఆంధ్ర నుంచి వచ్చిన ఇద్దరిలో ఒకరు ఫెయిల్" అని వేస్తే ఆ పిల్లవాడెవరో వీధి మొత్తానికి తెలుస్తుంది.

బిడ్డను చేర్పించబోయే తెలుగు ఇంటికి

కొత్తగా వచ్చిన కుటుంబానికి ఈ లెక్కలన్నీ వేసుకునే తీరిక ఉండదు. బడి దగ్గర మూడు ప్రశ్నలు వేస్తే చాలా తెలుస్తుంది. పోయిన ఏడాది మధ్యలో చేరిన పిల్లలు ఇప్పుడు ఏ తరగతిలో ఉన్నారు? వాళ్లకు కన్నడం నేర్పడానికి విడిగా ఎవరు, రోజులో ఏ సమయంలో కూర్చోబెడతారు? గణితం, సైన్సు టీచర్లు పర్మనెంటా, గెస్టా? మొదటి ప్రశ్నకు పేర్లతో సహా జవాబు చెప్పగలిగిన టీచరున్న బడి, పాస్ శాతం 65 అయినా, కొత్త పిల్లవాడికి 90 శాతం బడి కంటే మేలు కావచ్చు.

పదో తరగతిలో తెలుగును ప్రథమ భాషగా రాసే వీలు కర్ణాటక బోర్డులో ఉంది, అయితే చెప్పే టీచరున్న బడులు కొద్ది. 2015 కన్నడ భాషా అభ్యసన చట్టం ప్రకారం అప్పుడు కన్నడం కూడా ఒక భాషగా ఉండి తీరాలి. పెద్ద తరగతుల్లో వచ్చిన పిల్లవాడికి ఈ ఏర్పాటు 125 మార్కుల పేపరును తేలిక చేస్తుంది, కాబట్టి ఎనిమిదిలో చేరేటప్పుడే అడగాలి. పదిలో పరీక్ష దరఖాస్తు నింపేటప్పుడు అడిగితే ఆలస్యమైపోతుంది. ఊరి బడి నుంచి టీసీతో పాటు పిల్లవాడి పెన్ నంబరు (యూడైస్ ప్లస్‌లో విద్యార్థికి ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య) రాయించుకుని రావాలి, యూడైస్ ప్లస్‌లో ఆ బడి పేరు విడుదల చేస్తేనే ఇక్కడి బడి తన జాబితాలోకి లాక్కోగలదు. విడుదల చేయకపోతే పిల్లవాడు ఇక్కడ బెంచీ మీద కూర్చున్నా, లెక్కల్లో అక్కడే మిగిలిపోతాడు. ఎనిమిదో తరగతి లోపు అయితే, ఆ కాగితం రాలేదని ఇక్కడ చేర్చుకోవడం ఆపే అధికారం ఏ బడికీ లేదు.